తీగ తెగితే బండి ఆగాలి

చాంపియన్ రీఫ్స్ గని కూలీల లైన్ ఇళ్లలో ఎవరి బండికి స్పార్కు రాకపోయినా మునేష్ ఇంటి ముందుకే తోసుకొచ్చేవారు. రేకుల పందిరి, దాని కింద ఒక రాతిపలక, పక్కన పాత పెయింటు డబ్బా నిండా రంగురంగుల వైరు ముక్కలు. అదే అతని షాపు. బోర్డు పెట్టుకోమని ఎవరైనా సలహా ఇస్తే, "పని తెలిసినోడికి బోర్డు యాలప్పా?" అని ఎగతాళి చేసేవాడు. అరవై ఒక్క ఏళ్ల మనిషికి ఆమాత్రం గర్వం ఉంటే తప్పు లేదు. దానివల్ల ఇంకొకరి నెత్తిన బండ పడనంతవరకూ తప్పు లేదు.

మునేష్ తాత పుంగనూరు పక్క పల్లె నుంచి బంగారు గనికి కూలికి వచ్చినవాడు. తాత, తండ్రి ఇద్దరూ గనిలోనే ఒళ్లు అరగదీసుకుని పోయారు. మునేష్ పంతొమ్మిదో ఏట ఎలక్ట్రికల్ హెల్పరుగా చేరాడు. చేరిన మొదటి వారంలోనే తమిళ ఫోర్‌మన్ ఒకాయన కొత్తవాళ్లందరినీ షాఫ్టు పక్కనున్న మిషను గదికి తీసుకెళ్లాడు. మనుషుల్ని గనిలోకి దించి పైకి తెచ్చే పంజరాన్ని లాగే మిషను అది. ఆ పూట పంజరం ఖాళీగా తిరుగుతోంది. ఫోర్‌మన్ ఏమీ చెప్పకుండా జేబులోంచి కటింగ్ ప్లయరు తీసి, గోడ మీదున్న సన్నటి తీగ ఒకదాన్ని టక్కున కత్తిరించాడు. దడేలుమని బ్రేకులు పడ్డాయి. అంత పెద్ద మిషనూ నిలబడిపోయింది.

"తీగ తెగితే మిషను ఆగాలి. తెగినా నడిచే మిషను మనిషిని చంపుతుంది" అని అరవంలో చెప్పి, తీగను మళ్లీ అతికించి, ఆయన బీడీ ముట్టించుకోవడానికి బయటికి వెళ్లిపోయాడు.

మునేష్‌కు ఆ మాట మనసులో నాటుకుపోయింది. గని మూతపడేదాకా పంతొమ్మిదేళ్లు ఆ ఒక్క సూత్రం పట్టుకునే పనిచేశాడు. అతను వేసిన లైను మీద ఎవరికీ గోరు కూడా ఊడలేదు. గని పోయింది, ఉద్యోగం పోయింది, సూత్రం మాత్రం అతనితోపాటు ఇంటికి వచ్చేసింది. బైకుల వైరింగు మొదలుపెట్టాక కూడా బైకు కంపెనీవాళ్లకు కరెంటు సంగతి సరిగ్గా తెలియదని అతని గట్టి అభిప్రాయం.

అతని బావమరిది పెద్దన్న కథ వేరు. పెద్దన్న మునేష్ భార్య గంగమ్మకు సొంత అన్న, మునేష్ కంటే ఏడేళ్లు పెద్ద. గనిలో రాయికి బెజ్జాలు వేసే డ్రిల్లింగు మిషను పట్టేవాడు. మునేష్ తీగలు పట్టుకున్నాడు కాబట్టి బతికి బట్టకట్టాడు, పెద్దన్న మాత్రం రాతిదుమ్మంతా పీల్చాడు. గని మూతపడ్డాక మారికుప్పం స్టేషను దగ్గర ఆటో నడిపాడు. బెంగళూరు నుంచి వచ్చే రైలు దిగినవాళ్లను రాబర్ట్‌సన్‌పేటకు చేర్చేవాడు. పదిహేనేళ్లు అట్లా గడిచాక ఊపిరితిత్తుల్లో పేరుకున్న దుమ్ము తన పని తాను చేసింది. నాలుగడుగులు వేస్తే గోడ పట్టుకోవాలి. మాట్లాడితే మాట సగంలో తెగిపోతుంది. చివరికి ముక్కుకు గొట్టం, మంచం పక్కన ఆక్సిజన్ సిలిండరు వచ్చాయి. ఆటో ఇంటి ముందు పట్టా కప్పుకుని తుప్పు పట్టింది.

పెద్దన్నకు ఒక్కతే కూతురు, నేత్ర. మారికుప్పం నుంచి తెల్లారి రైలెక్కి బెంగళూరులో గార్మెంట్సు పనికి వెళ్లి వచ్చేది. తండ్రికి జబ్బు ముదిరాక పని మానేసింది. వారానికి రెండుసార్లు ఆస్పత్రికి తీసుకెళ్లాలి. సిలిండరుతో, వంగి కూర్చున్న మనిషితో ప్రతిసారీ బాడుగ ఆటోవాళ్లను బతిమలాడలేక ఒకరోజు మునేష్ దగ్గరికి వచ్చింది.

"మామా, నాయన ఆటో నాయనకే పనికొస్తాది. నడిపేది నేను నేర్చుకుంటా. నువ్వు ఇంజను సంగతి చూడు" అంది.

ఆటో ఇంజను ఎప్పుడో పట్టేసింది. దాని సామాన్లు ఎక్కడా దొరకడం లేదు. వెల్డింగు పని చేసే కేశవ పాత సామాన్ల గుజరీలోంచి వంద సీసీ బైకు ఇంజను ఒకటి తెచ్చి, ఆటో వెనక భాగంలో ఇనుప పట్టీలు అతికించి, దాన్ని బిగించి, చెయిను తగిలించాడు. అంతవరకూ బాగానే ఉంది. స్పార్కు మాత్రం రాలేదు. కేశవ రెండు రోజులు కిక్కు కొట్టి కొట్టి, కాలు వాచాక మునేష్‌కు కబురు పెట్టాడు.

మునేష్ అరగంటలో పట్టేశాడు. ఇంజను నాలుగు రబ్బరు బుష్షుల మీద కూర్చుని ఉంది. కరెంటు వెళ్లడానికి ఒక తీగ, తిరిగి రావడానికి బండి ఇనుము కావాలి. రబ్బరు అడ్డం ఉంటే ఇంజనుకూ బండి ఇనుముకూ సంబంధమే లేదు. లావుపాటి ఎర్తు తీగ ఒకటి ఇంజను నుంచి చట్రానికి బిగించాడు. ప్లగ్గు ఇంజను మీద ఆనించి కిక్కు కొడితే నీలంగా స్పార్కు వచ్చింది. ప్లగ్గు బిగించి కొడితే ఇంజను స్టార్టయింది. నేత్ర చప్పట్లు కొట్టింది.

కాని ఇంజను ఆగలేదు. తాళం తీసి చేతిలో పట్టుకున్నా నడుస్తూనే ఉంది. ఆ బైకు ఇంజనులో స్పార్కును పుట్టించే చిన్న నల్ల డబ్బా ఒకటి ఉంటుంది. దాన్నుంచి బయటికి వచ్చే ఒక సన్న తీగను ఇనుముకు తాకిస్తే ఇంజను ఆగుతుంది. తాకించకపోతే నడుస్తూనే ఉంటుంది. ఆటో తాళానికి ఆ పద్ధతి తెలియదు. బైకు తాళం ఒకటి తెచ్చి పెడితే చిటికెలో అయిపోయే పని. కేశవ అదే అన్నాడు.

మునేష్‌కు నచ్చలేదు. "ఆ తీగ దావలో తెగిపోయిందనుకో, బండి ఆపేదెట్ల? తెగితే ఆగల్ల గాని తెగితే నడిచేది ఏం పద్ధతప్పా?" అన్నాడు. ఒక రిలే తెచ్చాడు. కరెంటు అందుతున్నంతసేపే పట్టుకుని, అందకపోతే వదిలేసే చిన్న డబ్బా అది. బ్యాటరీ కరెంటు తాళంలోంచి, తర్వాత ఒక పొడుగు తీగలోంచి వెళ్లి రిలేకు చేరేటట్టు చేశాడు. ఆ పొడుగు తీగ ఎక్కడ తెగినా రిలే వదిలేస్తుంది, నల్ల డబ్బా సన్న తీగ ఇనుముకు తాకి ఇంజను ఆగిపోతుంది. గనిలో పంజరానికి ఏ పద్ధతో ఆటోకూ అదే పద్ధతి. అంతటితో ఊరుకోలేదు. ఆ తీగను వెనక సీటు కిందుగా తీసుకెళ్లి పెద్దన్న కూర్చునే చోట, చేతికి అందేటట్టు ఒక స్విచ్చు పెట్టాడు.

"బావా, నీకు కేక వేసేదానికి ఊపిరి చాలదు. ఏమన్నా కష్టమయితే ఇది లాగు. బండి నిలిచిపోతాది, పాప వెనక్కి చూస్తాది" అన్నాడు.

పెద్దన్న లాగి చూశాడు. ఇంజను ఠక్కున ఆగింది. ఆయన ముఖంలో నవ్వు వచ్చింది, నవ్వు వెంట దగ్గు వచ్చింది. దగ్గు తగ్గాక, "నువ్వు ఉండావు గాబట్టి... నాకు భయం లేదు మునేశా" అన్నాడు. బావ మెచ్చుకున్నాడని మునేష్ ఆ వారమంతా కనబడినవాళ్లందరికీ చెప్పుకున్నాడు.

ఏడు నెలలు బండి బాగానే తిరిగింది. ఎనిమిదో నెలలో నేత్ర ఒకరోజు పందిరి దగ్గర ఆగి, "మామా, గుంతలో పడితే ఒకొక్క తూరి ఆగిపోతాది. మళ్లా కొడితే స్టార్టయితాది" అంది. మునేష్ వేరే బండి పనిలో ఉన్నాడు. తల కూడా ఎత్తలేదు. "పెట్రోల్లో చెత్త వస్తా ఉంటాది పాపా, చూసుకుని పోయించు" అన్నాడు. ఆ అమ్మాయి తల ఊపి వెళ్లిపోయింది.

తర్వాత పన్నెండో రోజు, మిట్టమధ్యాహ్నం, పెద్దన్నకు ఊపిరి అందలేదు. సిలిండరులో గాలి అడుగంటింది. అంబులెన్సుకు ఫోను చేస్తే అది బంగారుపేట వైపు వేరే మనిషి కోసం వెళ్లి ఉంది. నేత్ర, ఆమె తల్లి తాయమ్మ ఇద్దరూ ఆయన్ని మోసుకొచ్చి ఆటోలో కూర్చోబెట్టారు. తాయమ్మ పక్కన కూర్చుని మొగుణ్ణి ఒడిసి పట్టుకుంది. గనివాళ్లు పోసిన సైనైడ్ మట్టి దిబ్బల పక్కన, ఇళ్లు లేని చోట, బండి ఆగిపోయింది.

నేత్ర కిక్కు కొట్టింది. లేవలేదు. మళ్లీ కొట్టింది. మునేష్‌కు ఫోను చేసింది. అతను ఆ పూట కురుడుమలె గుడి దగ్గర ఒక రైతు ట్రాక్టరు వైరింగు చూస్తున్నాడు.

"మామా, బండి నిలిచిపోయినాది. నాయనకు ఊపిరి ఆడలేదు. వైరు యాడన్నా ఊడిందేమో చూడనా?"

"వైరింగు నాది పాపా, అది పోదు. పెట్రోలే. కార్బొరేటరు కింద స్క్రూ ఉండాది చూడు, అది వదులు చేసి చెత్త పోనీ" అన్నాడు మునేష్.

ఆమె ఫోను పెట్టేసి, స్క్రూడ్రైవరు వెతికి, స్క్రూ వదులు చేసింది. చేతులనిండా పెట్రోలు కారింది. బిగించింది, కిక్కు కొట్టింది. లేవలేదు. మళ్లీ వదులు చేసింది. ఇరవై నిమిషాల తర్వాత ఒక నీళ్ల ట్యాంకరు వచ్చి వాళ్లను ఎక్కించుకుంది. అప్పటికి పెద్దన్న తల తాయమ్మ ఒడిలో వాలిపోయి ఉంది.

శవం లేవకముందే తాయమ్మ అందరి ముందూ కూతురి మీద విరుచుకుపడింది. "పెట్రోలు చూసుకోకుండా బండి తీసినావు. మీ మామ చెప్పినాడంట, చెత్త చూసుకోమని ముందే చెప్పినాడంట. నువ్వే సంపినావు మీ నాయన్ని!" అని గుండెలు బాదుకుంది. చావింట్లో ఎన్నో అంటారు, తర్వాత మరిచిపోతారు. తాయమ్మ మరిచిపోలేదు. నేత్ర తెచ్చిన నీళ్లు తాగలేదు. నేత్ర చేసిన సంగటి ముట్టుకోలేదు, తను చేసిన సంగటి కూతురికి పెట్టలేదు. ఇద్దరే ఉన్న ఇంట్లో రెండు పొయ్యిలు వెలిగాయి.

దినాలు అయిపోయిన మర్నాడు నేత్ర, ఇద్దరు పొరుగువాళ్లు కలిసి ఆటోను మునేష్ పందిరి కిందికి తోసుకొచ్చారు. ఆ అమ్మాయి కళ్లు గుంటలు పడిపోయాయి.

"నాకు తెలియల్ల మామా. పెట్రోలేనా, ఇంగేమన్నానా, చూసి చెప్పు. నాది తప్పయితే తప్పని చెప్పు. ఊరికే ఉండలేకుండా ఉండాను" అంది.

గంగమ్మ ఆమెను లోపలికి తీసుకెళ్లి కాఫీ పెట్టింది. మునేష్ ఒక్కడే బండి దగ్గర కూర్చున్నాడు. బావ పోయిన దుఃఖం అతనికి నిజంగానే ఉంది. ఈ పని తొందరగా ముగించి ఆ పిల్ల భారం దించాలనే కోరికా నిజమే. పెట్రోలు గొట్టం ఊడదీశాడు. ధారగా కారింది. సీసాలో పట్టి ఎండలో చూశాడు, నలుసు లేదు. కార్బొరేటరు విప్పితే అద్దంలా ఉంది. ప్లగ్గు ఊడదీసి ఇంజనుకు ఆనించి కిక్కు కొట్టాడు, నీలంగా స్పార్కు వచ్చింది. ప్లగ్గు బిగించి కొడితే మొదటి దెబ్బకే ఇంజను స్టార్టయింది. చక్కగా నడుస్తోంది. బండిలో ఏ రోగమూ లేదు.

అయితే బావే స్విచ్చు లాగి ఉంటాడా? అట్లా అయితే ఎవరి తప్పూ లేదు. మునేష్ ఆశగా వెనక్కి వంగి చూశాడు. స్విచ్చు నడిచే వైపే ఉంది. సరిగా చూద్దామని వెనక సీట్లో, బావ కూర్చునే చోట, కూర్చున్నాడు.

ఇంజను ఆగిపోయింది.

ముందువైపు, డ్యాష్‌బోర్డు కింద, టిక్కుమని చిన్న చప్పుడు అయింది. రిలే వదిలేసిన చప్పుడు. మునేష్‌కు అప్పుడే తెలిసిపోయింది. అయినా మనిషికి ఆశ చావదు కదా. లేచి స్టార్ట్ చేశాడు. మళ్లీ కూర్చున్నాడు. మళ్లీ టిక్కుమంది, మళ్లీ ఆగింది. సీటు పైకెత్తాడు. తను వేసిన పొడుగు తీగ సీటు ఇనుప చట్రం కిందుగా పోతోంది. పైన ప్లాస్టిక్ తొడుగు బాగానే ఉంది. వేళ్లతో తడిమితే ఒకచోట మెత్తగా తగిలింది. లోపల రాగి తెగిపోయి ఉంది. ఖాళీ సీటు అయితే రెండు కొనలూ తాకుతాయి. మనుషుల బరువు పడితే విడిపోతాయి. ఎనిమిది నెలలు ఒక జబ్బుమనిషి, ఒక సిలిండరు ఆ చట్రం మీద ఊగుతూ ఆ తీగను నలిపాయి.

బైకు కంపెనీవాడు చేసినట్టే వదిలేసి ఉంటే ఆ తీగ తెగినా బండి ఆగేది కాదు. గనిలో ఆగితే మనిషి బతుకుతాడు. ఆస్పత్రి దారిలో ఆగితే చస్తాడు. ఈ ముక్క చిన్నపిల్లకైనా తోచేది, పంతొమ్మిదేళ్ల అనుభవం ఉన్న మునేష్‌కు తోచలేదు. ఇంకా ఘోరం ఏమిటంటే, ఆ రోజు ఫోనులో ఒక్కమాట చెప్పి ఉంటే చాలు. నల్ల డబ్బా దగ్గర సన్న తీగ పీకెయ్యమంటే బండి లేచేది. ఆ పిల్ల వైరు చూడనా అని తనంతట తాను అడిగింది. వద్దన్నది అతనే.

మునేష్‌కు సిగ్గేసింది, భయమేసింది. ఈ రెండింట్లో భయమే పెద్దది. లోపల్నుంచి గంగమ్మ గొంతు వినిపించగానే గబగబా తీగ కొనలు గీరి, మెలిపెట్టి, టేపు చుట్టి, సీటు దించేశాడు.

నేత్ర బయటికి వచ్చి నిలబడింది. "ఏమిటి మామా?"

"వైరింగంతా బాగానే ఉండాది పాపా. యాడో... పెట్రోల్లో చెత్త అడ్డం పడి ఉంటాది. ఇప్పుడు పోయినాది" అన్నాడు, ప్లయరు తుడుచుకుంటూ.

ఆ అమ్మాయి ఏడుస్తుందనుకున్నాడు. ఏడవలేదు. "అయితే నేనే" అని మెల్లగా అని, బండి ఎక్కి వెళ్లిపోయింది.

మునేష్ నాలుగు రోజులు పందిరి కిందికి రాలేదు. బండ్లు తెచ్చినవాళ్లను ఒంట్లో బాగాలేదని పంపేశాడు. తన తప్పును ఎట్లా చిన్నది చేసుకోవాలా అని నాలుగు రోజులూ లెక్కలు వేశాడు. పెద్దన్న ఎట్లాగూ బతికేవాడు కాదనుకున్నాడు. సిలిండరు అయిపోయింది కదా అనుకున్నాడు. ఇప్పుడు చెబితే పోయిన మనిషి తిరిగివస్తాడా అనుకున్నాడు. ఇవన్నీ నిజాలే కావచ్చు. ఏ నిజం అనుకున్నా ‘అయితే నేనే’ అన్న గొంతు మాత్రం చెవిలోంచి పోలేదు.

ఐదో రోజు పొద్దున గంగమ్మ తన అన్న ఇంటికి వెళ్లి వచ్చి, కంచం ముందు పెట్టి కూర్చుంది.

"ఏమయ్యా, ఆ పాప ఏమీ తినడం లేదు. వాళ్లమ్మ ఇంగా మాట్లాడలేదు. నిన్న అడుగుతా ఉండాది, మనిషిని సంపిన పాపం ఏ గుడికి పోతే పోతాదత్తా అని. నాకు భయంగా ఉండాది" అంది.

మునేష్ సంగటి ముద్ద కంచంలోనే వదిలేశాడు. తల వంచుకుని మొత్తం చెప్పాడు. రిలే, సీటు కింద తీగ, ఫోనులో అన్న మాట, టేపు చుట్టి చెప్పిన అబద్ధం, ఏదీ దాచలేదు. గంగమ్మ విన్నంతసేపూ అతని ముఖం వైపే చూసింది. చివరికి లేచి చెయ్యి కడుక్కుంది.

"మా అన్న ఊపిరాడక సచ్చినాడు. అది రాత అనుకొంటి. ఈ పాపను బతికుండంగానే సంపుతాండావే, ఇది మాత్రం నీదే. లెయ్యి" అంది.

ఇద్దరూ వెళ్లేసరికి ఆటో ఇంటి ముందే ఉంది. నేత్ర ఆస్పత్రికి తిరిగి ఇవ్వాల్సిన ఖాళీ సిలిండరును తాడుతో కడుతోంది. తాయమ్మ గడపలో, కూతురికి వీపు పెట్టి కూర్చుని ఉంది.

"పాపా, నీ తప్పు లేదు. పెట్రోలు కాదు. నేను అబద్ధం చెప్పినాను" అన్నాడు మునేష్. సీటు ఎత్తాడు. టేపు విప్పి తెగిన తీగ చూపించాడు. అది ఎందుకు వేశాడో, అది తెగితే బండి ఎందుకు ఆగుతుందో చెప్పాడు. నేత్ర సిలిండరు మీద చెయ్యి పెట్టుకుని వింది. తాయమ్మ ఇటు తిరిగింది.

"ఆ పొద్దు నేను ఏం చేసి ఉంటే లేస్తా ఉండె?" అని అడిగింది నేత్ర.

మునేష్ వెనక్కి వెళ్లి నల్ల డబ్బా దగ్గర సన్న తీగ చూపించాడు. "ఇది పీకి ఉంటే చాలు."

"పీకేదానికి ఏం కావల్ల? స్పానరా?"

"ఏమీ వద్దు. చెయ్యి చాలు."

నేత్ర వంగి రెండు వేళ్లతో ఆ తీగను పట్టుకుని లాగింది. చిన్న పిన్ను, సులభంగా ఊడి వచ్చింది. కిక్కు కొట్టింది. మొదటి దెబ్బకే ఇంజను లేచింది. ఆ చప్పుడు మధ్యే ఆమె మునేష్ వైపు తిరిగింది.

"వైరు చూడనా అని అడిగితి కదా మామా. వద్దంటివి."

"అంటిని పాపా."

"మా నాయన నా పక్కనే ఉన్నాడు. ఆ ఇరవై నిమిషాలు నేను ఆయన చెయ్యి కూడా పట్టుకోలేదు. స్క్రూ తిప్పుకుంటా కూసున్నా."

మునేష్ క్షమించమని అడుగుదామనుకుని వచ్చాడు. అడగలేదు. తాయమ్మ గడపలోంచి లేచింది. అతన్ని తిడుతుందని, కొడుతుందని ఎదురుచూశాడు. కొట్టి ఉంటే బాగుండేది. ఆమె అతన్ని దాటుకుని వెళ్లి కూతురి చెయ్యి పట్టుకుంది. ఆ చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుని, ఇన్నాళ్లూ పట్టలేదన్నట్టు పిసికింది.

"లోపలికి రా నేత్రా. సంగటి చేసినా. తిందువు రా" అంది.

ఆ మాటతో నేత్ర భోరుమంది. తల్లి భుజం మీద తల పెట్టుకుని, ఇరవై రోజులుగా ఏడవని ఏడుపంతా ఏడ్చింది. తాయమ్మ కూతుర్ని నడిపించుకుంటూ లోపలికి తీసుకెళ్లింది. గంగమ్మ మొగుడి వైపు ఒకసారి చూసి, వాళ్ల వెనకే వెళ్లింది. అది ఆమె అన్న ఇల్లు.

వీధిలో ఇంజను నడుస్తూనే ఉంది. మునేష్ ఊడిన తీగను తీసుకుని బండి ఇనుముకు తాకించాడు. ఇంజను ఆగింది. లోపల కంచాలు పెడుతున్న చప్పుడు వినిపించింది. మూడు కంచాలు పెట్టారు. అతను కాసేపు నిలబడి చూశాడు, ఎవరూ పిలవలేదు.